చేతబడి నెపం: చెయ్యి పడేదాకా కేసు లేదు

చేతబడిని తెలంగాణలో బాణామతి అంటారు, ఉత్తరాంధ్ర మన్యంలో చిల్లంగి అంటారు. పేరేదైనా వరస ఒకటే. ఆ నెపంతో హత్య జరిగిన ప్రతిసారీ మనకూ ప్రత్యేక చట్టం కావాలన్న మాట లేస్తుంది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో తెచ్చాయి కదా అంటారు. అడగాల్సిందే. అయితే హత్యకు శిక్ష ఇప్పుడూ ఉంది. చట్టం చేతులు కట్టుకుని కూర్చునేది అంతకు ముందు.

ఇంట్లో జ్వరం తగ్గదు, లేదా పాడిగేదె చచ్చిపోతుంది. భూతవైద్యుడి దగ్గరికి వెళ్తారు. అతను నిమ్మకాయ కోసి చూస్తాడు, పేరు మాత్రం చెప్పడు. ‘మీ ఇంటికి తూర్పున, మీకు బాగా తెలిసినవాళ్లే’ అంటాడు. పేరు పెట్టేది ఇంటికొచ్చాక వీళ్లే. గట్టు తగాదా ఉన్న దాయాదో, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఆడమనిషో దొరుకుతుంది.

ఆమె అప్పుడే స్టేషన్‌కి వెళ్లిందనుకోండి. ‘మంత్రాలు చేస్తోంది’ అనడం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం. అది నాన్‌కాగ్నిజబుల్. పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయలేరు, ఆమే కోర్టులో ప్రైవేటు కంప్లయింట్ వేసుకోవాలి. కూలి మానుకుని ఎన్ని వాయిదాలకు తిరుగుతుంది? ఎస్సై ఇద్దరినీ పిలిచి సర్దిచెప్పి పంపేస్తాడు. ఠాణాకి ఈడ్చిందన్న కసి ఊళ్లో అదనంగా మిగులుతుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015 సవరణతో 3(1)(జెడ్‌బి) చేరింది. మంత్రగత్తె అన్న ఆరోపణతో వారికి మనోవేదన కలిగించినా చాలు, ఆరు నెలల నుంచి అయిదేళ్ల జైలు. దెబ్బ తగలక్కర్లేదు, దీని బలమంతా అక్కడే. కానీ నిందితులు ఎస్సీ, ఎస్టీలైతే ఇది వర్తించదు. గూడెంలో ఆ మాట అన్నది సొంత మరిదే అయితే సెక్షన్ కాగితంమీదే ఉంటుంది.

చట్టం ఉన్నచోటైనా? బిహార్ 1999లో చేసినదాన్నే జార్ఖండ్ 2001లో తెచ్చుకుంది. డాయన్, అంటే మంత్రగత్తె, అని ముద్ర వేస్తే మూడు నెలలదాకా జైలు, లేదంటే వెయ్యి రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యికి పందెం కోడి కూడా రాదు. ఛత్తీస్‌గఢ్ 2005లో అదే పనికి మూడేళ్లదాకా పెట్టింది. మనం రాసుకునే చట్టం కులంతో నిమిత్తం లేకుండా ఉండాలి. దిక్కు చెప్పి, ఆనవాలు చెప్పి మనిషిని పట్టించడాన్నీ కాగ్నిజబుల్ నేరం చేయాలి. లేకపోతే నిమ్మకాయ కోసినవాడు ప్రతిసారీ తప్పించుకుంటాడు.

అందాకా చేతిలో ఉన్నది బైండోవర్, అంటే గొడవ చేయబోమని ముందే బాండు రాయించుకోవడం. నాగరిక్ సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద తహసీల్దార్ ఏడాదిదాకా ఆ బాండు రాయించుకోవచ్చు. ఎన్నికలప్పుడు వాడేది దీన్నే, ఇక్కడ ఎందుకో గుర్తురాదు. ఎస్సై నివేదికలో ‘గ్రామంలో ఉద్రిక్తత ఉంది’ అన్న ఒక్క ముక్క రాస్తే ఆ బైండోవర్ నిలవదు. ఏ తేదీన, ఏ రచ్చబండ దగ్గర, ఎవరు ఎవరిని ఏమన్నారో, విన్నదెవరో ఆ నివేదికలో ఉండాలి.