పోనివ్వని బటన్

మన ఇళ్లలో గడప దాటేవాళ్లు "పోతాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. ఈ మర్యాద వంటబట్టడానికి ఆండ్రాయిడ్‌కు 12వ వెర్షన్ దాకా పట్టింది. అప్పటినుంచి మొదటి స్క్రీన్‌లో బ్యాక్ నొక్కితే యాక్టివిటీని (యాప్‌లోని ఆ తెరను) చంపేయకుండా వెనక్కి జరిపి ఉంచుతోంది. బెంగళూరు మారతహళ్లిలోని మన ప్రొడక్ట్ మేనేజర్లకు ఇదీ చాలలేదు. బ్యాక్ నొక్కినవాడు వాళ్ల లెక్కలో అలిగి లేచిన అల్లుడు.

పూర్వం బ్యాక్ నొక్కగానే సిస్టమ్ పిలిచే ఆన్‌బ్యాక్‌ప్రెస్డ్ ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేసి (మన కోడ్‌తో మార్చి), సూపర్‌ను, అంటే దాని అసలు పనిని, పిలవకుండా ఊరుకుంటే తలుపుకు గొళ్లెం పడేది. ఆండ్రాయిడ్ 13లో దాన్ని డిప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దన్నారు. టార్గెట్‌ను API 36కు (అంటే ఆండ్రాయిడ్ 16కు) మార్చిన యాప్‌లో, ఫోన్ ఆండ్రాయిడ్ 16దైతే, యాప్ వివరాల ఫైలైన మానిఫెస్ట్‌లో ప్రత్యేకంగా వద్దని రాస్తే తప్ప సిస్టమ్ దాన్ని పిలవనే పిలవదు. గొళ్లెం అలాగే ఉంది, తలుపే వేరే గోడకు మారింది.

ఇప్పుడు కాల్‌బ్యాక్ (బ్యాక్ నొక్కినప్పుడు నడిచే కోడ్) రాసి, ఆ నొక్కును పంచే డిస్పాచర్‌కు అప్పగించాలి. చివర చేరినదానికే మొదటి పిలుపు. అది ఎనేబుల్ అయి ఉంటే మిగతావాటికి కబురే అందదు. ఫ్రాగ్మెంట్‌లో (తెరలో ఒక భాగంలో) పెట్టేటప్పుడు, దాని వ్యూ ఉన్నంతవరకే కాల్‌బ్యాక్‌ను ఉంచే వ్యూలైఫ్‌సైకిల్‌ఓనర్‌ను ఇవ్వండి. యాక్టివిటీని ఇచ్చారో, పీజీ హాస్టల్ ఖాళీ చేసినా మంచం వదలని కుర్రాడిలా ఆ కాల్‌బ్యాక్ అక్కడే ఉంటుంది.

"నిజంగా వెళ్తారా?" డైలాగ్ మన అతిథి మర్యాదకు పరాకాష్ఠ. "అవును" నొక్కగానే డిస్పాచర్‌ను మళ్లీ పిలుస్తారు, కాల్‌బ్యాక్‌ను ముందుగా డిసేబుల్ చేయడం మరిచిపోతారు. దాంతో మళ్లీ అదే ప్రశ్న: "నిజంగా వెళ్తారా?". డైలాగ్ లేకుండా కాల్‌బ్యాక్ లోపలినుంచే పిలిస్తే తనను తానే పిలుచుకుంటూ స్టాక్ ఓవర్‌ఫ్లోతో (పిలుపులకు చోటు నిండిపోయి) యాప్ కూలుతుంది. ఒక రకంగా అదీ బయటికి దారే.

"ఇంకోసారి నొక్కండి" టోస్ట్ (కాసేపు కనిపించి మాయమయ్యే చిన్న సందేశం) ఇంకా సుకుమారమైనది. రెండో నొక్కుకు గడువు 2,000 మిల్లీసెకన్లు పెట్టి, టోస్ట్‌ను లాంగ్ చేస్తారు, అంటే 3.5 సెకన్లు. మూడో సెకనులో అక్షరాలు కళ్లెదుటే ఉంటాయి, గడువు మాత్రం తీరిపోతుంది, రెండో నొక్కు మళ్లీ మొదటిదవుతుంది. టోస్ట్‌ను షార్ట్ చేస్తే అదీ 2 సెకన్లే, లెక్క కుదురుతుంది. ఎంగేజ్‌మెంట్ (యాప్‌లో జనం గడిపే సమయం) పడిపోతే బాధ్యత మీదే.

వెటకారం కాని మాట ఒకటి: ఫారంలో సేవ్ కాని మార్పులున్నప్పుడే కాల్‌బ్యాక్‌ను ఎనేబుల్ చేయండి. ఎప్పుడూ ట్రూగా (ఎనేబుల్‌గా) వదిలేస్తే, అంచునుంచి వేలు జరిపినప్పుడు వెనకున్న హోమ్‌స్క్రీన్‌ను తొంగిచూపించే యానిమేషన్ రాదు.

ఇక హోమ్ బటన్‌నూ కస్టమైజ్ చేయమని వచ్చే స్ప్రింట్‌లో (పని విడతలో) టికెట్ పడింది. ఆ నొక్కును ఆండ్రాయిడ్ మామూలు యాప్ దాకా రానివ్వదు. ఎస్టిమేట్ 3 పాయింట్లు, చిన్న పనేనట.