సవరణ: సత్యం షేరు పత్రం గురించి

నల్గొండ పాత పేపర్ల కొట్టులో దొరికిన సత్యం కంప్యూటర్స్ షేరు పత్రం ఫొటో మొన్న పెట్టాను కదా. అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ పేరున్న నా కప్పు పక్కన పెట్టి, "రెండూ దివాలా కంపెనీలే, ఇది ఇక షోకేసుకే" అన్నాను. తప్పు రాశాను.

2001 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది ఎన్‌రాన్. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరంతో దొంగలెక్కలు బయటపడ్డా సత్యం మూతపడలేదు. ఆ ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది, 2013లో అందులో కలిసింది. అప్పట్లో స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఇచ్చిన వివరాల ప్రకారం 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ఫ్రేము కట్టించకండి, ముందు టెక్ మహీంద్రా షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్ సంస్థను అడగండి. మూలన టీ మరకున్న నా పత్రం మీద పేరున్నవాళ్ల కోసం దేవరకొండ వైపు వాకబు చేస్తున్నా.