చూడకుండా సన్మానించే కళ

తెలుగులో మంచి సినిమాలు రావని బాధపడే పెద్దమనుషుల సంఖ్య ఏటేటా పెరుగుతున్నందుకు ముందుగా హర్షం వెలిబుచ్చవలసి ఉంది. వీరి బాధ సాధారణంగా శుక్రవారం రాత్రి, ఓటీటీలో ఒక మలయాళ చిత్రం ముగిసిన వెంటనే ప్రారంభమవుతుంది. "వాళ్ళు చూడండి, ఎంత సహజంగా తీస్తారో! మనవాళ్ళకు ఆ బుద్ధి ఎప్పుడు వస్తుందో!" అని నిట్టూర్చి, ఆ నిట్టూర్పును తెల్లవారేలోగా వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంచుతారు. ఆ బుద్ధి మనవాళ్ళకు ఎప్పుడో పుట్టిందనీ, పుట్టిన నేరానికి తగిన శిక్ష కూడా అనుభవించిందనీ విన్నవించబోతే నొచ్చుకుంటారు. హాయిగా బాధపడుతున్న మనిషికి సమాచారం అందించడం అమర్యాద కదా.

అయినా కొన్ని నేరాలను నమోదు చేయక తప్పదు. అక్కినేని నాగేశ్వరరావు తిరుగులేని కథానాయకుడిగా వెలుగుతున్న రోజుల్లోనే ఆదుర్తి సుబ్బారావుతో కలిసి 'సుడిగుండాలు', ఆ తరువాత 1970లో 'మరో ప్రపంచం' తీశారు. మెప్పు వచ్చింది, జనం రాలేదు. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించి, సంగీతం పి.లీలకు అప్పగించారు. ఆమె జీవితాన్ని తెరమీద చూసి 2018లో వెక్కివెక్కి ఏడ్చినవారిలో చాలామందికి ఆమె దర్శకురాలన్న సంగతి ఈనాటికీ వార్తే. 1977లో మృణాల్ సేన్ కలకత్తా నుంచి వచ్చి, ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను 'ఒక ఊరి కథ' పేరుతో తెలుగులో తీసి వెళ్ళారు. బెంగాలీ ఆయన తెలుగు సినిమా తీయగలిగారు గానీ, తెలుగు వచ్చిన మనకు దాన్ని చూడడం చేతకాలేదు.

దర్శకుడు బి.నర్సింగరావు సంగతి మరీ విడ్డూరం. ఆయన 1988లో తీసిన 'దాసి' ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. అర్చన నటనకు, ఎ.కె.బీర్ ఛాయాగ్రహణానికి, తోట వైకుంఠం కళకు, సుదర్శన్ దుస్తులకు మరో నాలుగు వచ్చాయి. తెలంగాణ దొర గడీలో ఊడిగం చేసే కమలాక్షి నోరెత్తదు. ఆమె తరఫున సినిమా కూడా ఉపన్యాసం ఇవ్వదు. ఆ పిల్ల నీళ్ళు మోస్తుంటే, కాళ్ళు పిసుకుతుంటే, పిలిచినప్పుడు వెళుతుంటే మనం చూస్తూ కూర్చోవాలి, అంతే. నేపథ్య సంగీతం చెవులు పగలగొట్టి చెబితే తప్ప ఎక్కడ బాధపడాలో తెలియని ప్రేక్షకుడికి ఇది శిక్షే అవుతుందని ఒప్పుకుంటాను.

అయితే ఇటువంటి దర్శకులను మనం పూర్తిగా విస్మరించామనడం అన్యాయం. సన్మానిస్తాం. ఆరు గంటలకన్న సభ ముఖ్య అతిథి రాకతో ఏడున్నరకు మొదలవుతుంది. వ్యాఖ్యాత సినిమా పేరును చీటీలో చూసి చదువుతుంది. మొదటి వక్త తాను ఆ చిత్రాన్ని చూడలేకపోయాననీ, చూసినవారు చెప్పగా విని చలించిపోయాననీ సెలవిస్తాడు. రెండవ వక్త తాను మూడుసార్లు చూశానంటూ అందులోని పాటలను పొగుడుతాడు. సినిమాలో పాటలు లేవు. మూడవ వక్త సభా సమయాన్ని గౌరవించి, నేరుగా తన రాబోయే చిత్రం గురించి మాట్లాడతాడు. ఈలోగా శాలువాలు పడుతూనే ఉంటాయి: నిర్వాహకులది ఒకటి, కులసంఘానిది ఒకటి, కార్పొరేటరుగారిది ఒకటి. ఒకదానిపై ఒకటి పడి దర్శకుడి ముఖం కనపడకపోవడంతో, ఫోటో కోసం ఒకసారి అన్నీ తీసి మళ్ళీ కప్పుతారు. చివరకు ఆయనకు మైకు ఇచ్చి, హాలును పెళ్ళి రిసెప్షన్ వారికి అప్పగించాలి గనుక రెండు నిమిషాల్లో ముగించమంటారు. సినిమా ఎప్పుడు వేస్తున్నారని ఆయన అమాయకంగా అడుగుతాడు. సభ ఘొల్లున నవ్వుతుంది, ఇంత వయసులోనూ ఆయనకు హాస్యం తగ్గలేదని. తెర ఎలాగూ కట్టారు కాబట్టి, దానిమీద ముఖ్య అతిథి కుమారుడి ట్రైలరును వరుసగా రెండుసార్లు ప్రదర్శిస్తారు.

పాతవాటి పట్ల మనకున్న భక్తికి ఇంకా పెద్ద నిదర్శనం ఉంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైంది 1931 సెప్టెంబరు 15న కాదు, 1932 ఫిబ్రవరి 6న అని పరిశోధించి తేల్చారు, మంచిపనే. ఈ రెండు తేదీల మీద ఎన్ని వాదోపవాదాలైనా చేసుకోవచ్చు గానీ, ఆ సినిమాను మాత్రం ఎవరూ చూడలేరు, ఎందుకంటే అది లేదు. తెలుగు సినిమాకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్య పేరిట ప్రభుత్వం పురస్కారం పెట్టింది; ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా లేదు. కొన్ని రీళ్ళు మురిగాయి, కొన్ని కాలిపోయాయి, మరికొన్నిటిని అందులోని వెండి కోసం కరిగించి అమ్ముకున్నారు. ఇది విధి చేసిన పని కాదు. మనుషులు, లెక్కలు తెలిసిన మనుషులు, కిలో ఎంతకు పోతుందో బేరమాడి చేసిన పని. ఆ రోజుల్లో తెలియకపోయింది, సరే, ఈనాడు తెలుసు. 2010లో మనమే తిప్పికొట్టిన 'ఆరెంజ్'ను 2023లో హీరో పుట్టినరోజుకు మళ్ళీ హాళ్ళలో వేసుకుని పాటలు పాడుకున్నాం. అంటే హాళ్ళున్నాయి, డబ్బుంది, మనసు మార్చుకునే ప్రేక్షకుడూ ఉన్నాడు. పోస్టరు మీద హీరో లేని సినిమాకే ఇవేవీ దొరకవు. అందుకు సాంకేతిక కారణాలున్నాయని వివరించే నిర్మాతలెవరైనా ఉంటే, దయచేసి నాకు ఎదురుపడకుండా ఉండడం ఇద్దరికీ క్షేమం.