పిల్లిని తీసి క్రీస్తును పెట్టారు

అమెరికా పాత బడి వాచకాల్లో మతం తగ్గుతూనే వచ్చిందని ఒక వ్యాసంలో రాశారు. కానీ మధ్యలో పెరిగింది కూడా. వలసపాలన నాటి అమెరికా పిల్లల తొలి వాచకం 'న్యూ ఇంగ్లండ్ ప్రైమర్'లో అక్షరమాల చూడండి. 'ఎ'కి ఆదాము పాపం ఎలాగూ ఉంది. 'సి'కి మాత్రం మొదట్లో పిల్లి ఉండేది, కాసేపు ఆడుకుని ఆనక చంపే పిల్లి. 18వ శతాబ్దం నడుమ మత ప్రబోధాల ఊపులో దాన్ని తీసేసి, పాపుల కోసం శిలువ మీద మరణించిన క్రీస్తును పెట్టారు. పిల్లలకి పిల్లే నచ్చి ఉంటుంది లెండి! అమెరికా విప్లవం తర్వాత కొన్ని కూర్పుల్లో 'డబ్ల్యూ' దగ్గర దేవుడి మాట వినే తిమింగలాల చోటు జార్జి వాషింగ్టన్‌కి దక్కింది.

ఆ తర్వాత 19వ శతాబ్దంలో విలియం మెక్‌గఫీ పేరుతో వచ్చిన బడి వాచకాలు 'మెక్‌గఫీ రీడర్ల'లో మతబోధ బాగా తగ్గింది 1879 కూర్పులో. మెక్‌గఫీ 1873లోనే పోయారు, అట్ట మీద పేరు మాత్రం ఆయనదే.