వెంట్రుకవాసి గారికి

మహారాజశ్రీ వెంట్రుకవాసి గారి సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా. ఇక్కడ అంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ ఉత్తరం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కాలేజీ విచారణ కమిటీ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నాను.

బయట జనం మిమ్మల్ని బస్సు గుద్దబోయి తప్పినప్పుడే తలుచుకుంటారు. మా దగ్గర మీ ఉద్యోగం వేరు. క్రిమినల్ కోర్టులో నేరం రుజువు కావాలంటే సహేతుకమైన అనుమానం కూడా మిగలకూడదు. కమిటీకి అంత అక్కర్లేదు. జరిగే ఉంటుందన్న వైపు త్రాసు సగం దాటి మీరంత మొగ్గితే చాలు. అమెరికా విద్యాశాఖ 2011లో ఇలాంటి ఫిర్యాదుల మీద కాలేజీలన్నిటికీ ఉత్తరం రాసి మీకే పెత్తనం ఇచ్చింది. 2017లో ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుని, మీరు కావాలో, మీకన్నా బరువైన కొలత కావాలో కాలేజీలే తేల్చుకోమంది. ప్రభుత్వం మారినప్పుడల్లా మీకు బదిలీ.

ఇక మీతో నా గొడవ. మా కేసుల వివరాలు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు, అందుకని ఒక కేసు కల్పిస్తున్నాను. హాస్టల్ గది. ఇద్దరే ఉన్నారు. తలుపు వేసుంది. ఇష్టపడే జరిగిందని అతను, వద్దన్నానని ఆమె. 11:40కి ఇద్దరూ నవ్వుకుంటూ వరండాలో నడిచారని ఒక స్నేహితుడి సాక్ష్యం. (వరండాలో నవ్వు గదిలోకి కూడా చెల్లుతుందా? ఏ పుస్తకంలోనూ లేదు.) మర్నాడు పొద్దున 9:12కి ఆమె ఫోన్ నుంచి అతనికి ఒక మెసేజ్: "నోట్స్ పంపు", పక్కన నవ్వు బొమ్మ.

ఆ నవ్వు బొమ్మ మీద మేం నలభై నిమిషాలు కూర్చున్నాం. అంత జరిగాక ఎవరైనా నవ్వు బొమ్మ పెడతారా అని ఒకాయన బల్ల గుద్దారు. పక్కనే ఉన్న మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నన్ను నలుగురిలో నానా మాటలన్న మా పెద్దసారుకి నేను రోజూ గుడ్ మార్నింగ్‌తో పాటు అదే పెడతానండీ" అన్నారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత స్క్రీన్‌షాట్‌ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాం. బొమ్మ పెద్దదైంది, అంతే.

పోనీ మాటతీరు చూద్దామా? ఆమె మొదటిసారి చెప్పిన వరస, రెండోసారి చెప్పిన వరస కలవలేదు. భయంలో ఉన్న మనిషికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంటుందని చదివినవాళ్ళు చెబుతారు. నిజమే. కానీ పొరపాటు జ్ఞాపకం కూడా అలాగే వస్తుంది. వరస మారితే అబద్ధం అంటారు, మారకపోతే బట్టీ పట్టిందంటారు. ఇక అతనికి చెమటలు పట్టాయి. తప్పు చేసినవాడికీ పడతాయి, చేయని తప్పు మీద పడ్డవాడికీ పడతాయి. ఇద్దరూ తాగి ఉన్నారంటే మరీ కష్టం. మోతాదు మించితే మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, ఫోన్ ఎత్తుతాడు, తెల్లారి మాత్రం ఏమీ గుర్తుండదు. అప్పుడు "నాకు గుర్తు లేదు" అన్న మాట ఆ రాత్రి ఒప్పుకున్నారనీ చెప్పదు, ఒప్పుకోలేదనీ చెప్పదు.

సాక్ష్యం ఇలా నీళ్ళు నమిలినప్పుడే త్రాసులోకి వేరే సరుకు ఎక్కుతుంది. "వాడు అలాంటివాడు కాదండీ, ఫస్ట్ ర్యాంకు." "ఆ అమ్మాయి ముందు నుంచీ అంతేనండీ." ఈ వాక్యాలు ఎన్ని గ్రాములు తూగుతాయో తూనికలు కొలతల శాఖ చెప్పాలి. మీ పేరు చెప్పి మొగ్గించేది మాత్రం ఎక్కువసార్లు ఇవే.

బయట రెండు పక్షాలూ జేబులో ఒక్కో కేసు పెట్టుకుని తిరుగుతాయి. ఒకరిది రోలింగ్ స్టోన్ పత్రిక: వర్జీనియా యూనివర్సిటీలో సామూహిక అత్యాచారం జరిగిందని 2014లో కథనం వేసి, 2015లో రద్దు చేసుకుంది. ఇంకొకరిది 2015 స్టాన్‌ఫర్డ్ కేసు: ఒకమ్మాయి మీద జరుగుతున్న లైంగిక దాడిని సైకిళ్ళ మీద వెళ్తున్న ఇద్దరు విద్యార్థులు కళ్ళారా చూసి ఆపారు కాబట్టి శిక్షదాకా వెళ్ళింది. రెండూ తేలిన కేసులే. మా గదిలోకి సైకిళ్ళు రావు.

లెక్కలతో వచ్చేవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో ఒక యూనివర్సిటీకి పదేళ్ళలో వచ్చిన 136 లైంగిక దాడి ఫిర్యాదుల మీద 2010లో ఒక అధ్యయనం వచ్చింది. అబద్ధమని తేలినవి 8, అంటే ఆరు శాతం లోపు. దాంతో మిగతా తొంభై నాలుగు శాతమూ రుజువైనట్టే మాట్లాడతారు. ఆ 136లో ముందుకు సాగినవి 48 మాత్రమే. 61 సాగలేదు, 19 ఏదీ చెప్పలేనివి. కట్టు కథలు అరుదన్నది ఒప్పుకోవాల్సిందే, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ 61 నీ 19 నీ ఎవరూ పోస్టర్ మీద వేయరు. మా ముందుకు వచ్చేవి ఎక్కువగా ఆ బాపతే.

మీ మీద అసలు ఫిర్యాదు ఇది. లోపల మీరు వెంట్రుకవాసి. గది దాటగానే మోకు అయిపోతారు. మేం తల బద్దలుకొట్టుకుని "జరిగే అవకాశమే ఎక్కువ" అని రాస్తే, మధ్యాహ్నం మెస్‌లో అది "తేలిపోయింది". "రుజువు కాలేదు" అని రాస్తే సాయంత్రానికి "అబద్ధం చెప్పింది". పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపులకు మన దేశం తెచ్చిన 2013 చట్టం 14వ సెక్షన్ చూడండి: ఫిర్యాదు రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసినవారి మీద చర్య అక్కర్లేదని అచ్చంగా రాసుంది. మెస్‌లో ఆ సెక్షన్ ఎవరూ చదవరు. స్కాట్లాండ్ కోర్టుల్లో దోషి, నిర్దోషి కాక "రుజువు కాలేదు" అని మూడో తీర్పు ఉండేది. దానివల్ల ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ మనశ్శాంతి లేదని 2025లో అక్కడి పార్లమెంటు దాన్నీ ఎత్తేయడానికి ఓటేసింది.

మా ఫారంలో ఆ మూడోది మొదటి నుంచీ లేదు. రెండే గళ్ళు. నిన్న మేడమ్ "బహుశా" అని పెన్సిల్‌తో రాశారు. ఛైర్మన్ గారు రబ్బరుతో చెరిపి, కాగితం మీద పొడి ఊదేశారు. కసురుకోలేదు. ఆ చోటు మాత్రం కొంచెం మాసిపోయి కనిపిస్తోంది.

విచారణ ముగించడానికి చట్టం ఇచ్చిన గడువు 90 రోజులు, ఇవాళ 88వది. లోపల నుంచి పిలుస్తున్నారు. వాళ్ళిద్దరూ వరండాకి చెరో చివర నిలబడి ఉన్నారు. తలుపు చప్పుడైనప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి ఇటు చూస్తున్నారు.

ఇట్లు,
కమిటీలో నాలుగో కుర్చీ