ఫోన్ లాక్కుంటే పిల్లలు చెప్పడం మానేస్తారు

మా వీధిలో ఇంటర్ చదివే ఒకమ్మాయి సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర దిగిన ఫొటోను ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పెట్టింది. కింద ఒక లింక్: 'నా గురించి ఏమనుకుంటున్నారో రాయండి, మీ పేరు నాకు తెలియదు.' తెల్లారేసరికి పదకొండు మెసేజ్‌లు వచ్చాయి. మొదటి మూడు పొగడ్తలు. తర్వాతవి లంగాఓణీ గురించి, ఒంటి గురించి. ఒకదాంట్లో క్లాసులో ఆమె ఏ బెంచీలో కూర్చుంటుందో కూడా ఉంది. ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ బియ్యం డబ్బా మీద బోర్లా పడి ఉంది. 'పోనీలే, ఇప్పటికైనా ఫోన్ వదిలింది' అని వాళ్లమ్మ సంబరపడింది.

పేరు కనపడని మెసేజ్ యాప్‌లు అనగానే తల్లిదండ్రుల భయమంతా ఎక్కడో ఉన్న అపరిచితుడి మీదే. అలాంటివాళ్లూ ఉంటారు. కానీ స్టోరీ చూసేవాళ్లలో ఎక్కువమంది తెలిసినవాళ్లే. రాసింది వెనక బెంచీ కుర్రాడు కావచ్చు, నిన్నటిదాకా టిఫిన్ పంచుకున్న స్నేహితురాలు కావచ్చు. మర్నాడు క్లాసులో అడుగుపెడితే ప్రతి ముఖం మీదా అనుమానమే.

ఈ అనుమానాన్నే కంపెనీలు అమ్ముకుంటున్నాయి. పేరు కనపడకుండా మెసేజ్‌లు పంపే ఎన్‌జీఎల్ యాప్ సంగతే చూడండి. నకిలీ మెసేజ్‌లను కంపెనీయే పంపిందని, అవి ఎవరు పంపారో చెప్తామంటూ వారానికి 9.99 డాలర్ల దాకా వసూలు చేసిందని, తీరా ఇచ్చింది పనికిరాని క్లూలేనని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలైలో ఆరోపించింది. కంపెనీ 50 లక్షల డాలర్లు కట్టడానికి, 18 ఏళ్లలోపు వారికి యాప్ ఇవ్వకుండా ఉండటానికి ఒప్పుకుంది. అంటే తనను ఏడిపించింది మనిషో, కంప్యూటరో కూడా పిల్లలకు తెలియని పరిస్థితి. అంతకుముందు సరాహా అనే ఇలాంటి యాప్ వచ్చింది, 2018లో ఆపిల్, గూగుల్ స్టోర్ల నుంచి పోయింది. ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. అందుకే యాప్‌ల పేర్లు బట్టీ పట్టి లాభం లేదు. 'పేరు చెప్పకుండా అడగండి' అనే లింక్‌ను గుర్తుపడితే చాలు.

సిగ్గరి పిల్లలకు మనసులో మాట అడిగే వీలు దొరుకుతుందని కొందరంటారు. నిజమే, ఆ వయసులో పైకి అడగలేని ప్రశ్నలు బోలెడు. వాటికి పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉన్నాయి.

ఇంతకీ ఆ అమ్మాయి మెసేజ్‌లు ఎవరికి చూపించింది? అమ్మకు కాదు, కాజీపేటలో ఉండే చిన్నమ్మకు. 'అమ్మకు తెలిస్తే నాన్నకు చెప్తది, నాన్న కాలేజీ మాన్పిస్తడు' అందట. నా వాదనంతా ఈ మాట మీదే. పరకాల, నర్సంపేట నుంచి వచ్చి హన్మకొండలో చదివే ఆడపిల్లలకు ఈ భయం ఇంకా ఎక్కువ. ఊళ్లో నలుగురి నోట పడితే చదువుకు అక్కడితో చుక్క పడుతుంది. జగిత్యాల వైపు తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీలు చుట్టే పనిలో ఉన్న ఇళ్లలో ఫోన్ గురించి అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆ పిల్లకే. ఇక ఎవరిని అడుగుతుంది?

కాబట్టి ముందే చెప్పండి: 'ఏం వచ్చినా నాకు చూపించు. ఫోన్ తీసుకోను, చదువు ఆపను.' చెప్పాక ఆ మాట మీద నిలబడండి. కోపంలో మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. బెదిరింపులు ఉంటే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో, ఆడపిల్లల భద్రత చూసే పోలీసుల షీ టీమ్స్‌కో ఫిర్యాదు చేయండి. పిల్లలకు పేరు కనపడకపోయినా కంపెనీ సర్వర్లలో చాలాసార్లు ఐపీ అడ్రస్ (ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చిందో చూపే నంబరు) లాంటి జాడలు ఉంటాయి.

కాలేజీలనూ వదిలేయలేం. హన్మకొండలోని నయీంనగర్, నక్కలగుట్టల్లో ఎటు చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గితే సాయంత్రానికల్లా తండ్రి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. అదే పిల్ల వారం రోజులుగా సరిగ్గా అన్నం తినకపోతే ఎవరికీ కబురు పోదు. మా వీధి అమ్మాయి ఆ వారమే బెంచీ మార్చుకుంది. ఎందుకని ఒక్క లెక్చరర్ కూడా అడగలేదు. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు కాసేపు పక్కన పెట్టి, మా పిల్ల ఇప్పుడు ఎవరి పక్కన కూర్చుంటోంది, ఎవరితో మాట్లాడటం మానేసిందని అడగండి.