సముద్రం అడుగున లెక్క తేలకుండానే తవ్వుదామా?

మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర బహులోహ నాడ్యూళ్లను (సముద్రపు అడుగున పడి ఉండే, లోహాలున్న గడ్డలను) అన్వేషించే హక్కు 2002 ఒప్పందంతో భారత్‌కు దక్కింది. అక్కడ తవ్వకానికి దిగాలా వద్దా అని ఒక గనుల ఇంజనీరుకూ, సముద్రపు అడుగు జీవులను అధ్యయనం చేసే శాస్త్రవేత్తకూ మధ్య జరిగే వాదన ఇది.

ఇంజనీరు: అక్కడ 38 కోట్ల టన్నుల నాడ్యూళ్లు ఉన్నాయని అంచనా, మేడమ్. నికెల్, రాగి, మాంగనీస్, కోబాల్ట్ అన్నీ వాటిలోనే. మనకు కోబాల్ట్ మొత్తం దిగుమతే. ఇండోనేషియాలో నికెల్ కోసం అడవులు కొట్టేస్తున్నారు. వాటికి లేని రక్షణ చీకట్లో ఉన్న బురదకా?

శాస్త్రవేత్త: అడవులు కొట్టడం తప్పే. కానీ ఇక్కడ తీస్తే అక్కడ ఆగుతుందని ఎవరు హామీ ఇచ్చారు? రెండు చోట్లా తవ్వుతారు. బంగాళాదుంపంత నాడ్యూల్ పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఆ మెత్తటి బురదలో గట్టి ఆధారం అదే. కాడ ఉన్న స్పాంజ్‌లు దాని మీదే నాటుకుంటాయి. 1989లో పెరూ బేసిన్‌లో 4,150 మీటర్ల లోతున, తవ్వితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దంతె లాగి చూశారు. 2015లో మళ్లీ వెళ్తే ఆ చాళ్లు అలాగే ఉన్నాయి.

ఇంజనీరు: ఒక వైపే చెబుతున్నారు. పసిఫిక్‌లోని క్లారియన్-క్లిపర్టన్ ప్రాంతంలో 1979లో యంత్రం నడిచిన జాడల్ని 2023లో చూశారుగా. బురదలో తిరిగే చిన్న జీవులు కొన్ని తిరిగొచ్చాయి.

శాస్త్రవేత్త: వచ్చాయి, ఒప్పుకుంటాను. కదలకుండా అతుక్కుని బతికే పెద్దవి మాత్రం రాలేదనే చెప్పాలి.

ఇంజనీరు: మరి ఇన్నేళ్లూ మీరు చేసిందేమిటి? మన మధ్య హిందూ మహాసముద్రంలోనే 1997లో ఇండెక్స్ ప్రయోగం పేరిట 3,000 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు పట్టీని కెలికి మరీ చూశారు. క్లారియన్-క్లిపర్టన్‌లో 5,578 జాతులు నమోదయ్యాయి, దాదాపు తొంభై శాతానికి పేర్లే లేవు. అన్నిటికీ నామకరణం అయ్యేదాకా ఆగమంటారా?

శాస్త్రవేత్త: ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. వర్గీకరణ చేసేవాళ్లు తక్కువ, పని నెమ్మది. అయితే అన్నిటికీ పేర్లు అక్కర్లేదు. తవ్వే చోట ఉన్న జాతి తవ్వని చోటా ఉందా అన్నది తేలితే చాలు. అది డీఎన్‌ఏతో తేలుతుంది. పాత నమూనాలను ఆ కాలపు పద్ధతిలో ఫార్మలిన్‌లో పెట్టారు. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. అందుకే కొత్తగా నమూనాలు తీయాలి.

ఇంజనీరు: కెమెరా లాగితే పోలా? ఎకరాల కొద్దీ ఫొటోలు వస్తాయి.

శాస్త్రవేత్త: సెంటీమీటరుకు తక్కువున్న జీవులు కెమెరాకు దాదాపు కనిపించవు. ఎక్కువ జాతులు ఉండేది బురద లోపల, అదీ పైపొరల్లోనే. అందుకే బాక్స్ కోరర్. అడుగు బురదను ముద్దగా కోసి పైకి తెచ్చే, యాభై సెంటీమీటర్ల చదరపు పెట్టె అది. నేలకు దగ్గరయ్యాక వించ్ (దాన్ని తాడుతో దించే యంత్రం) వేగం తగ్గించకపోతే ముందు నెట్టుకొచ్చే నీటి తాకిడికి పైపొర కొట్టుకుపోతుంది. పెట్టె అడుగును మూసే పార మూసుకునేటప్పుడు అంచున నాడ్యూల్ ఇరుక్కుంటే పైకొచ్చేలోగా బురద కారిపోతుంది. అలాంటి కోరును, అంటే ఆ బురద ముద్దను, లెక్కలోంచి తీసేయాలి. బాగా వచ్చిన కోరులో పైనున్న నీటిని కూడా జల్లెడ పట్టాలి, జీవులు అందులోనూ ఉంటాయి. తర్వాత 0–2, 2–5, 5–10 సెంటీమీటర్ల పొరలుగా కోయాలి. అడుగున నీరు ఒకటి రెండు డిగ్రీలు, డెక్ మీద ముప్పై. అందుకే వడకట్టిన చల్లటి సముద్రపు నీళ్లే వాడాలి. పైపుతో ధారగా కొడితే పురుగుల తలలు ఊడిపోతాయి, ఇక అది ఏ జాతో చెప్పలేం. బకెట్లో మెల్లగా కలిపి, తేరిన నీటిని 300 మైక్రాన్ల జల్లెడలో ఒంపాలి. డీఎన్‌ఏ చెడకుండా వెంటనే చల్లటి ఇథనాల్‌లో వేయాలి. బురదలోని నీరు ఇథనాల్‌ను పలుచన చేస్తుంది కాబట్టి మర్నాడు మార్చాలి.

ఇంజనీరు: ఇంతా చేసి మీకు చిక్కేది పావు చదరపు మీటరు!

శాస్త్రవేత్త: అందుకే ఒక్క కోరు చాలదు. పెద్దవాటికి కెమెరా, చిన్నవాటికి కోర్లు, రెండూ కావాలి. యంత్రం దించకముందు ఒకసారి, ఎత్తాక ఏడాదికి, ఐదేళ్లకు. తవ్వే చోటా, తవ్వని చోటా.

ఇంజనీరు: 5,000 మీటర్లకు ఒక్కో కోరు దించి తీయడానికే మూడు నాలుగు గంటలు. ఓడ ఖర్చు ఎవరిది?

శాస్త్రవేత్త: తవ్వేవాళ్లది. ప్రాజెక్టు అంచనాలోనే రాయండి.

ఇంజనీరు: రాస్తాను. తవ్వకుండా వదిలే చోటును మాత్రం మీరొక్కరే ఎంచితే ఒప్పుకోం.

శాస్త్రవేత్త: మీరూ కూర్చోండి. నాడ్యూళ్లు పలచగా ఉన్నాయని మీరు వదిలేసిన నేలను చూపించి ఇదే రక్షిత ప్రాంతం అంటే సంతకం పెట్టను. తవ్వే చోట ఎంత దట్టంగా ఉన్నాయో, అక్కడా అంతే ఉండాలి.